ఇంటల్లుడు వేసిన ఫ్యూజు

మా బావంటే నాకు ఒళ్ళు మంట. ఇందులో దాచుకునేదేం లేదు. ఆయన మా అక్క మొగుడు. చోడవరంలో కార్లకి పాటల సెట్లు బిగించే షాపు పెట్టినప్పటి నుంచీ ఆయనకి తెలియని విద్య లేదని మా అమ్మ నమ్మకం.

నా పాత కారు డిక్కీలో యాంప్లిఫయరు పెట్టింది ఆయనే. నేను అడగలేదు. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా కారు లోపల పట్టా కింద తీగ లాగి, దానికి బ్యాటరీ దగ్గర ముప్ఫై ఆంపియర్ల ఫ్యూజు వేశాడు. అది ఊరికే పోతుండేది. తీగ ఎక్కడో ఇనుముకి ఒరుసుకుంటోందేమో చూడమన్నాను. చూస్తే ఆయన బావ ఎందుకవుతాడు? ఎనభైది తెచ్చి నొక్కేశాడు.

"ఇంక పోదు, సూసుకో!" అన్నాడు.

ఫ్యూజు పోదు సరే, తీగ పోతుంది కదా! తీగ కాలకుండా తను కాలిపోవడానికేగా ఫ్యూజు ఉన్నది. చెరుకుతోటలో మోటారు వేసుకునే ప్రతివాడికీ తెలిసిన ముక్క ఇది. అంత సన్నటి తీగకి ఎనభైది వేసినా ఒకటే, మానేసినా ఒకటే. ఆ మాటే అన్నాను. అంతే, అమ్మ లేచింది.

"ఇంటల్లుణ్ణి పట్టుకుని ఏటా మాటలు? ఆయనేసింది తీసేవంటే నా మీదొట్టు!"

మా ఇంట్లో అంతే. కూరలో ఉప్పెక్కువైందని అల్లుడంటే పారబోస్తాం. ఆయనే దోసెడు ఉప్పు వేస్తే లొట్టలేసుకుంటూ తింటాం. ఒట్టు పెట్టింది కాబట్టి ఆ ఫ్యూజు జోలికి పోలేదు.

ఆ వారంలోనే అందరం నా కార్లో రావికమతం బయల్దేరాం. బావ నా పక్కన కూర్చుని పాటలు హోరెత్తించాడు. వెనక అమ్మ, అక్క, వాళ్ళ మధ్యలో నా మేనకోడలు. బుచ్చయ్యపేట దాటాక పిల్ల ఏడుపు మొదలెట్టింది.

"మావయ్యా, కాళ్ళు కాల్తన్నాయి!"

దాని కాళ్ళ కింది పట్టాలోంచి పొగ. కారు ఆపి, అందర్నీ దింపి, బానెట్ ఎత్తి ఫ్యూజు పీకేశాను. పట్టా ఎత్తి చూస్తే సీటు ఇనుముకి ఒరుసుకుని తీగ తొక్క లేచిపోయింది. మిగతాది కరిగి నేలకి అంటుకుపోయింది.

"పాత కారు. నానేటి సేత్తాను?" అన్నాడు బావ.

"పిల్లని కాల్చేసి, కారు పాతదంటావేట్రా! సిగ్గులేదా నీకు?" అన్నాను. నడిరోడ్డు మీద, గొంతు చించుకుని.

ఆయన అలిగి, ఎదురొచ్చిన ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చేదాకా అమ్మ నన్నే తిట్టింది. వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకోమంది. కందిపోయిన పిల్ల అరికాళ్ళని తడిగుడ్డతో అద్దుతూ అక్క ఒక్క మాట మాట్లాడలేదు. మొగుణ్ణి అన్నందుకు నా మీద కోపమనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించింది.

"ఒరే తమ్ముడూ, మా కార్లో కూడా ఎనభైదే ఏసేరు. పిల్లని రోజూ దాన్లోనే బడికి తీసుకెళ్తన్నారు. ఆయన బైకు మీద షాపుకెళ్ళిపోయేక రా. ముప్ఫైది తెచ్చి మార్చేసి ఎల్లిపో. అమ్మకి సెప్పకు."