మామగారి బెంచీ, అల్లుడి విల్లు

మా తీతు బాబాయి రైల్వే వర్క్‌షాపులో రైలుపెట్టెలకు చెక్కపని చేసి రిటైరయ్యాడు. అక్కడ షిఫ్టు అయిపోగానే సగం పని వదిలేసేవాడు, మిగతా సగం ఇంకెవరో చేసేవారు. ఝపటాపూర్‌లోని సొంత ఇంట్లో ఆ ఇంకెవరో లేరు. అందుకే బీరువాకు తలుపులుండవు. మామగారైన గార్డు సమూయేలు, పిల్లనిచ్చిన రోజే అన్నాడట: "ఈడు మొదలెడతాడు గానీ ముగించడు." ఆయన పోయాడు గానీ మాట పోలేదు. కృపమ్మ పిన్ని దాన్ని ఉదయ ప్రార్థనతోపాటు వల్లిస్తుంది.

అలాంటి మనిషి చర్చి మీటింగులో లేచి, ఈసారి కసాయి నది ఒడ్డున పిక్నిక్‌లో నిమ్మకాయ–చెంచా పరుగు వద్దు, బాణాల పోటీ పెడదాం, విల్లు నేనే చేస్తానన్నాడు. పాస్టరు గారు ఆదివారం అందరి ముందూ ప్రకటించేశారు. ఇక దేవుడు కూడా విన్నట్టే.

ఫోనులో పద్ధతి చదివి చెప్పడం నా వంతు. ఉద్యోగం లేనివాడికి ఇలాంటి పదవులు వాటంతటవే వస్తాయి. పలచని టేకు బద్దలు, పైన ఒక వెదురు బద్ద, మధ్యలో జిగురు. అన్నిటినీ వంపు ఉన్న దిమ్మకు సైకిలు ట్యూబుతో బిగించి ఆరనివ్వాలి. దిమ్మ చెయ్యడానికి బాబాయికి బద్ధకం. వసారాలో చర్చి బెంచీ ఉంది, విరిగిన కాలు బాగుచేస్తానని పోయిన ఈస్టరుకు తెచ్చింది. వీపు ఆనించే పైచెక్క మంచి వంపు, అదే దిమ్మ అన్నాడు. దాని మీద పెయింటు అక్షరాలు: గార్డు సమూయేలు గారి జ్ఞాపకార్థం.

"బాబాయ్, కింద ప్లాస్టిక్ కాగితం పెట్టమని ఫోనులో ఉంది."

"ఎందుకురా? జిగురు బద్దలకి రాస్తన్నాం గానీ మావకి రాస్తన్నామేటి?"

జిగురుకు ఆ తేడా తెలియలేదు. మర్నాడు ట్యూబు విప్పితే విల్లూ బెంచీ పెళ్లి ప్రమాణంలో చెప్పినట్టు ఏకశరీరమయ్యాయి. ఉలికి ఊడలేదు, తిట్లకు ఊడలేదు. చివరికి బాబాయి రంపం తీశాడు. బెంచీ చెక్క ఒక పొర విల్లుతోపాటే వచ్చేసింది. అక్షరాల తలకట్లన్నీ విల్లుకు పోయాయి, మిగతా సమూయేలు గారు బెంచీ మీద ఉండిపోయారు.

పిన్ని వచ్చి చూసింది. "మా నాయన తల కోసేసినావేటి?"

"తల కాదే, జుట్టే."

పిక్నిక్ నాడు గడ్డి కుక్కిన గోనెసంచి ఎదురుగా నిలబడి బాబాయి నారి లాగాడు. విల్లు కిర్రుమంది. పాస్టరు గారు మటన్ డేగిసా వెనక్కి జరిగారు. ఇది గనక విరిగితే గార్డు మాట ఇక రాతిమీద చెక్కినట్టే.

బాణం గోనెసంచిని పలకరించకుండా ఇసుకలోకెక్కడికో పోయింది. విల్లు మాత్రం విరగలేదు.

"సూసినావా? ముగించినాను!"

పిన్ని విల్లు అందుకుని, లోపలివైపు అంటుకున్న బెంచీ పొరను వేలితో నిమిరింది. "ఇందులో మా నాయన ఉన్నాడు గనక ఆగింది. ఉత్త నీ బద్దలే అయితే ఈపాటికి పొయ్యిలోకి పుల్లలు."

బాబాయి బాణం వెతుక్కోవడానికి ఇసుకలోకి నడిచాడు. వెనక్కి తిరిగేసరికి పిన్ని ఇంకో బాణం సంధించి ఉంది.

"ఏయ్, ఆగే! నేనింకా ఇక్కడే ఉన్నాను!"