ఎవరి పెండ్లో తెలీని పెండ్లి

కరువు రెండో ఏడు దాటేసరికి కొత్తచెరువు దాపున ఉండే నల్లగుండ్లపల్లిలో పొయ్యి రాజేసే ఇల్లు ఒక్కటీ మిగల్లేదు. కొందరు బళ్ళారి పక్కకు, కొందరు బెంగుళూరులో కట్టుబడి పనులకు పోయినారు. తిప్పమ్మ, ఆమె మొగుడు నాగప్ప హిందూపురం స్టేషన్ కాడ మూటలు మోసి బతికినారు. 1953లో వాన పడిందని తెలిసి ముందుగా ఊరు చేరింది వాళ్ళిద్దరే. ఇండ్లకు తలుపుల్లేవు. బావి పూడిపోయింది. పూడిక తీయడం ఇద్దరితో అయ్యే పని కాదు.

"రమ్మంటే ఎవురొస్తారు? ఈడ ఏముండాదని?" అన్నాడు నాగప్ప.

"పెండ్లి ఉండాదని చెబ్దాం," అనింది తిప్పమ్మ.

"ఎవురి పెండ్లి?"

"వాళ్ళొచ్చినాక చూసుకుందాంలే."

సంతకు పోయే బండ్లోళ్ళతో, రైలెక్కేవాళ్ళతో కబురు పంపింది. నెల తిరక్కముందే జనం దిగినారు. కదిరమ్మ మూటలో దాచుకున్న కొర్రలు తెచ్చింది. ఈరప్ప రెండు మేకల్ని తోలుకొచ్చినాడు. పెండ్లి ఎవరిదని అడిగినవాళ్ళందర్నీ తిప్పమ్మ "ముందు తాగను నీళ్ళు కావల్ల గదా" అని బావి కాడికి తరిమింది. లోపల ఆమె తమ్ముడు లింగన్న తట్టలు నింపుతాంటే, ఈరప్ప కూతురు తిమ్మక్క పైన అందుకుంటాంది. ప్రతి తట్టకూ ఇద్దరూ నవ్వుకుంటాండారు. తిప్పమ్మ అది చూసింది. వరస కూడా కలిసింది. మరుసటి పొద్దున పెండ్లి వీళ్ళిద్దరిదేనని అందరికీ చెప్పేసింది.

ఈరప్ప గయ్యిమన్నాడు. "నా కూతురి పెండ్లి అని నాకు చెప్పకుండా దేశమంతా చెప్పినావా వదినా?"

"నాకు మాత్రం ఎప్పుడు తెలిసిందప్పా? నిన్ననే గదా!"

ఆయనకూ నవ్వాగలేదు. కొర్రన్నం, మేకమాంసంతో పెండ్లి జరిగింది. బావిలో నీళ్ళూరినాయి. వచ్చినవాళ్ళు మళ్ళీ పోలేదు.

చానా ఏండ్లకు వానలు మళ్ళీ మొండికేసినాయి. తిప్పమ్మ తమ ఊరి మేస్త్రీ గంగాధరప్ప గుంపుతో పడమటి సముద్రం ఒడ్డున అణుకరెంటు ప్లాంటు కట్టే పనికి పోయింది. పని ముగింపుకొచ్చినాక ఒక సింధీ ఇంజనీరు, ప్రమాదం వస్తే ఏం చేయాలో అందరికీ నేర్పినాడు. సైరన్ మోగగానే గాలికి ఎదురు నడిచి దూరంగా ఉండే మైదానం చేరాల. నేర్పేదానికి ఉత్తుత్తిగా సైరన్ మోగిస్తే అందరూ బాగానే నడిచినారు. మైదానం నుంచి మాత్రం ఎవరి దోవన వాళ్ళు పోయినారు. ఎవరు చేరినారో, ఎవరు చేరలేదో లెక్క తేలక ఇంజనీరు తల పట్టుకున్నాడు.

తిప్పమ్మ ముందుకొచ్చి అడిగింది. "పొమ్మనేదానికి కూత పెట్టినారు సరే. మళ్ళీ ఒకచోట కలిసేదానికి ఏం పెట్టినారు సార్?"

గంగాధరప్ప ఆ మాట హిందీలో చెప్పినాడు. దాంతో పాటే పెండ్లి కథంతా చెప్పినాడు. ఇంజనీరు కండ్లలో నీళ్ళొచ్చేలా నవ్వినాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "దేశం చీలినప్పుడు మేమూ పిల్లలుగా సింధులో ఇల్లు వదిలొచ్చినాం. మళ్ళీ రమ్మని మమ్మల్నెవరూ పిలవలేదు."

గంగాధరప్ప అది తెలుగులో చెప్పగానే తిప్పమ్మ "అయ్యో నాయనా," అని ఆయన చెయ్యి పట్టుకుంది.

మరుసటిసారి సైరన్ మోగినప్పుడు మైదానంలో పెద్ద గంగాళాల్లో పప్పు ఉడుకుతాంది. మేస్త్రీలు తమ మనుషుల్ని పేరుపేరునా పిలిచి కూర్చోబెట్టినారు. ఒక్కరూ తప్పిపోలేదు. ఇంజనీరే గరిటె పట్టి వడ్డించినాడు.

"పప్పులో కారమే లేదు సార్," అనింది తిప్పమ్మ మొహమాటం లేకుండా.

ఆ తర్వాత వంట ఆమెకే అప్పగించినారు.