పేరయ్య పొడుగు చేతుల చొక్కా

పేరయ్య ఆఖరిసారి ఇస్త్రీ చేసింది అప్పాజీ గారి తెల్ల చొక్కా. దాన్ని మడతపెట్టి, గుండెల్లో పట్టేసినట్టుందని లాండ్రీ వెనకగదిలో నడుం వాల్చాడు. మళ్ళీ లేవలేదు. ఆ శుక్రవారం బహ్రెయిన్‌లోని గుదైబియా పేటలో, కెఫెటీరియా మేడమీద జరిగిన సంతాపసభకి అప్పాజీ గారు ఆ చొక్కాయే తొడుక్కొచ్చారు. మడత నలగలేదు.

ఆయన తెలుగు సంఘం పెద్ద. పేరయ్య బతికుండగా ఉగాది భోజనాలకి వాణ్ణి గుమ్మం ఎక్కనివ్వని మనిషి. పోయాక మాత్రం దండ, ఫోటో, గొంతులో వణుకు. చచ్చినవాడి మీద ప్రేమ ఒలకబొయ్యడానికి ఖర్చేముంది?

అరాద్‌లో ఇంటిపని చేసే రామలక్ష్మి వెనక వరసలో కూర్చుని ఆ వణుకు వింటోంది. పేరయ్య ఆమె తమ్ముడు. ఆమెకు తెలియాల్సింది ఒక్కటే. వాడు శుభ్రంగా పోయాడా, మళ్ళీ సూది పట్టి పోయాడా? బహ్రెయిన్ వచ్చిన కొత్తలో గదిలోవాళ్ళు అలవాటు చేసిన మత్తుమందు వాడి చేతులనిండా మచ్చలు పెట్టింది. నెలల తరబడి ఆస్పత్రిలో ఉండి బయటపడ్డాడు. కానీ ఆ తర్వాత, తొంభై ఐదో సంవత్సరం వేసవి మంటల్లో కూడా, ఆవిరి కక్కే ఇస్త్రీబల్ల దగ్గర పొడుగు చేతుల చొక్కా వదల్లేదు. సంఘంలో గుసగుసలు. గుండె ఆగిందని ఆస్పత్రివాళ్ళు చెప్పిన మాట ఆ పెద్దమనుషుల చెవికెక్కలేదు. రామలక్ష్మికీ అనుమానం పోలేదు. ఆ చొక్కా సంగతి అడిగినప్పుడల్లా వాడు నవ్వేసేవాడు.

"ఎంత పోరాడినా చివరికి ఆ వ్యసనమే గెలిచింది," అంటూ అప్పాజీ గారు కళ్ళు తుడుచుకున్నారు.

భీమన్న లేచాడు. కూలీల క్యాంపులో ఉంటూ తాపీపని చేస్తాడు. ఆ మందుకే బానిసై, పేరయ్య దగ్గర బాగుపడినవాడు. పేరయ్య వైద్యం ఇస్త్రీపెట్టెతోనే. చేతులు వణికేవాడికి ముందు ఇస్త్రీకి దుప్పట్లు ఇచ్చేవాడు, వణుకు తగ్గాక ప్యాంట్లు. చొక్కా కాలరు కాల్చకుండా చేసిననాడు, ఖలాస్, ఇక డ్యూటీకి పో అనేవాడు. కాలిన దుప్పట్లకి తిట్లు తనే తినేవాడు. కాలరు దాకా వచ్చినవాళ్ళు ఆ సభలోనే ఇంకొందరున్నారు. తలలు వంచుకుని బిస్కట్లు నములుతున్నారు.

"ఆ చేతులు మీరు చూశారేటండీ?" అన్నాడు భీమన్న. "కొత్తోడొస్తే తలుపేసి, చేతులు పైకి మడిచి చూపించేవోడండి, ఎండిపోయాయి చూడరా అని. మొన్న కూడా చూశానండి. అన్నీ పాత మచ్చలే. మీరు బల్లమీద బట్టలు పడేసి పోయేవోరు. మీకెలా కనపడతాయి?"

అప్పాజీ గారు కాలరు సర్దుకుని, టీ చల్లారిపోతోందన్నారు. సభ ముగిసింది.

మెట్ల దగ్గర రామలక్ష్మి భీమన్నని ఆపి, మరి ఆ పొడుగు చేతులెందుకని అడిగింది.

అతను తెల్లబోయాడు. "మీరే చెప్పారంట గదా అక్కా. ఆస్పత్రి నించి తిన్నగా మీ దగ్గరికొచ్చినప్పుడు, ఆ మచ్చలు మా మేడం చూస్తే నన్నూ పనిలోంచి పంపేస్తాది, కప్పుకోరా అన్నారంట. ఆ మేడం డ్రైవరు బట్టలు తెచ్చేది పేరయ్య లాండ్రీకే గదా. అక్కకి మాటిచ్చాను రా అనేవోడు."

ఆ మాట అన్నట్టు రామలక్ష్మికి గుర్తే లేదు.