నీలం చందమామ

నిన్న నా కూతురు పాఠం చదువుతూ, "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్ అంటే ఏమ్మా?" అంది.

నా చిన్నప్పుడు ఇదే అడిగితే మా సారు, "ఎప్పుడో ఒకసారి అని. బెంగళూరుకు కూలికి పోయిన మీ నాయన వచ్చినట్ల" అని నాకు చెప్పాడు. చందమామ నీలంగా మారితే నాయన వస్తాడనుకున్నాను. సాయంత్రాలు వాకిట్లో కూర్చునేదాన్ని.

"ఏం జూస్తాండావు పాపా?" అంది జేజి, మా నాయనమ్మ.

"చందమామ నీలమైతే నాయనొస్తాడంట."

"వాన పడితే వస్తాడులే."

వాన పడలేదు. అక్కడ కడుతున్న మేడ మీదనుంచి జారిపడి చనిపోయిన నాయనను ఒక మిట్టమధ్యాహ్నం టెంపోలో తెచ్చారు.

దినాలు కాగానే అమ్మ కంబదూరులో బెంగళూరు బస్సెక్కింది.

"నువ్వూ పోతావామ్మా?" అని కొంగు పట్టుకున్నాను.

"ఈడుంటే ఏం తింటామే?" అంది.

ఆమె పోయింది నాయన పడిన ఆ మేడ పనికేనని పెద్దయ్యాక తెలిసింది.