లేత కూర

ఆ రోజుల్లో నేను మాట్లాడేదే తెలుగనీ, నా మాట అర్థం కాని తెలుగువాడు ఎక్కడా ఉండడనీ నాకు గట్టి నమ్మకం. జనగామ దగ్గరి ఊరి నుంచి వచ్చి, నాచారంలో మోటారు పంపుల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరి అప్పటికి రెండేళ్లు. పెళ్లయి ఆరు నెలలు. చెరువు వైపు రెండు గదుల అద్దె ఇల్లు, ఒక కిరోసిన్ స్టవ్, ఒక మడతమంచం, పెట్టుకోవడానికి అలమారా లేక అట్టపెట్టెలోంచి బయటికి తీయని పెళ్లినాటి స్టీలు గిన్నెలు. అన్నీ ఉన్నాయి, ఉద్యోగం ఒక్కటే పర్మనెంట్ కాలేదు. దసరా తరువాత పేర్లు ఖాయం చేస్తారనీ, మా సెక్షన్‌కు కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్ సంతకం పెడితే లోపలనీ, పెట్టకపోతే గేటు బయటనీ క్యాంటీన్‌లో అందరూ అనుకునేవారు. అందరికంటే ఎక్కువగా నేనే అనుకునేవాణ్ణి.

ఆ సూపర్‌వైజర్‌ను మేం ఊరికే సార్ అనేవాళ్లం. కృష్ణా జిల్లా నుంచి వచ్చి రెండు నెలలైంది. మెత్తటి మనిషి. మధ్యాహ్నం తన క్యాబిన్‌లో తలుపేసుకుని తినేవాడు, అందుకని ఆయన డబ్బాలో ఏముంటుందో ఎవరికీ తెలియదు (తెలుసుకుని ఉంటే ఈ కథే లేదు). ప్రత్యేక రాష్ట్రం ముచ్చట క్యాంటీన్‌లో సాంబారు కంటే వేడిగా ఉన్న కాలం అది. ఆంధ్ర వైపు వాళ్లు ప్రతి మాటకూ అండీ తగిలిస్తారని మేం నవ్వేవాళ్లం, మేం మామూలుగా మాట్లాడినా పోట్లాటలా ఉంటుందని వాళ్లు నవ్వేవాళ్లు. ఇలాంటప్పుడు సార్ మనసులో చోటు సంపాదించడమెలా అని మూడు రోజులు ఆలోచించి, నా ఇంట్లో అన్నం తిన్న మనిషి నా పేరు కొట్టేయలేడని తేల్చుకున్నాను. క్యాబిన్ తలుపు కొట్టి లోపలికి వెళ్లాను.

"సార్, దసరా నాడు మా ఇంట్ల కూర. మీరు తప్పకుండ రావాలె."

ఇక్కడొక మాట చెప్పాలి. మా వైపు కూర అంటే కూరే. బెండకాయకు బెండకాయ అనే పేరుంది, బీరకాయకు బీరకాయ అనే పేరుంది. ఏ పేరూ చెప్పకుండా ఊరికే కూర అన్నామంటే అది యాట (మేకో గొర్రో) మాంసమని పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. సార్‌కు తెలియదని నాకు తెలియదు.

"కూరేగా? దానికేం భాగ్యం, వస్తానోయ్" అన్నాడు సార్. "ఏం కూర?"

"లేతది సార్. బోడుప్పల్ల మా మామ ఉన్నడు. ఆయన ఇంటి ముందర్నే పొద్దుగాల కోస్తరు. కోసింది కోసినట్టు తెస్తడు."

సార్ ముఖం వెలిగిపోయింది. "పెరట్లోదా! అప్పటికప్పుడు కోసిందైతే ఆ రుచే వేరు. బజార్లో అన్నీ ముదిరినవే అంటగడుతున్నారయ్యా."

"అవు సార్, ముదిరితే ఎంతసేపు ఉడికించినా పీచు పీచే."

"సరిగ్గా చెప్పావు. మా అమ్మ ఊరి నుంచి వచ్చింది, ఆవిడనీ తీసుకురానా?"

"అయ్యో, గట్ల అడుగుడేంది సార్! అమ్మకు కూర ఇష్టమేనా?"

"ఇష్టమా! కూర లేనిదే ఆవిడకి ముద్ద దిగదు."

ఇంత స్పష్టంగా మాట్లాడుకున్నాక ఇంకేం అనుమానం ఉంటుంది? ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి మా ఆవిడకు గొప్పగా చెప్పాను. ఆమె బియ్యం చెరుగుతూ, "వాళ్లు తింటరా? అడిగినవా?" అంది. "అడిగిన. వాళ్లమ్మకైతే కూర లేంది ముద్దనే దిగదట" అన్నాను. "నాకెందుకో నమ్మబుద్ధి అయితలేదు, జర మళ్లొకసారి అడుగు" అంది. పెళ్లయిన ఆరు నెలల్లో నేను ఆమె మాట వినని సందర్భాల్లో అదొకటి. మిగతావి ఇక్కడ అప్రస్తుతం.

దసరా పొద్దున మా మామ స్కూటర్ మీద వచ్చాడు. బోడుప్పల్‌లో తరతరాలుగా వ్యవసాయం చేసిన మనిషి. పొలమంతా ప్లాట్లయిపోయాక సెంట్రింగ్ పనులు చూసుకుంటున్నాడు కానీ, గొంతు మాత్రం ఇంకా పొలం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పిలిచే గొంతే. నలుగురు కలిసి యాటను కోసి పోగులు పెట్టుకుంటే, అందులో మంచి పోగు మాకోసం తెచ్చాడు. "అల్లుడా, నీ నౌకరీ ఫికర్ ఇడిసిపెట్టు. ఈ కూర తిన్నంక మీ సార్ రెండు సంతకాలు పెడ్తడు" అన్నాడు. మా ఆవిడ బగార అన్నం వండింది, మసాలా నూరింది. ఆ కిరోసిన్ స్టవ్ మీద కూర ఉడుకుతుంటే వాసన మా గల్లీ చివర కిరాణా దుకాణం దాకా పోయింది. దాచిపెట్టాల్సిన వాసన అని మాకేం తెలుసు?

పన్నెండున్నరకు సార్ వచ్చాడు. వెంట వాళ్లమ్మ. తెల్లటి జుట్టు, ముదురాకుపచ్చ నేత చీర, చేతిలో సీతాఫలాల సంచి. గుమ్మంలో కాలు పెట్టగానే ఆవిడ ముక్కు కొంచెం కదిలింది. "మసాలా ఘాటుగా ఉన్నట్టుందే?" అంది. "పండుగ గదమ్మా" అన్నాను గర్వంగా. సార్ జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకోవడం అయిపోయినా రుమాలు ముక్కు దగ్గరే ఉండిపోయింది. ఉక్కపోత అనుకుని ఫ్యాన్ ఆయన వైపు తిప్పాను. దాంతో వంటింటి గాలి సూటిగా ఆయన మీదికే పోయింది.

అప్పుడొచ్చాడు మా మామ, రెండు చేతులూ జోడించి. "అమ్మా, పెద్దమనుషులు మా ఇంటికొచ్చిన్రు, మస్తు సంతోషం. మీ కోసమని కార్జం ఎవ్వరికియ్యకుండ పక్కకు పెట్టిపిచ్చిన!"

"కార్జమంటే ఏంటి నాయనా? దుంపా?" అంది ఆవిడ.

"దుంప గాదమ్మా!" మామ చొక్కా కొంచెం పైకెత్తి, కుడివైపు డొక్క కింద తట్టి చూపించాడు. "ఇగో, ఈడ ఉంటది. మనకుంటది, యాటకుంటది."

ఆవిడ కొడుకు వైపు చూసింది, కొడుకు నా వైపు చూశాడు, నేను మామ వైపు చూశాను, మామ ఇంకా డొక్క మీద చెయ్యి తీయలేదు. "ఏమోయ్, కూర అన్నావుగా?" అన్నాడు సార్ నీరసంగా. "కూరనే సార్" అన్నాను. అయిపోయింది, నౌకరీ పోయింది, దసరా పూట ఒక ముసలమ్మను అన్నానికి పిలిచి అవమానించాను. నౌకరీ సంగతి తరువాత, ఆ రెండోదానికి నిజంగా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మా ఆవిడ నాకేసి ఒక్క చూపు చూసింది (ఆ చూపు నాకు ఇప్పటికీ అడపాదడపా దొరుకుతూనే ఉంటుంది). మూల ఉన్న అట్టపెట్టె తాడు తెంపింది. ఒక్కసారి కూడా పొయ్యి ఎక్కని పెళ్లి గిన్నెలు తీసి, స్టవ్ తుడిచి, డాబా మెట్ల దగ్గరికి మోయించింది నాచేత. అత్తెసరు పెట్టింది. స్టవ్ మంట మీద రెండు పచ్చిమిరపకాయలు కాల్చింది. చింతపండు నానేసి, సార్ వాళ్లమ్మ దగ్గరికి వచ్చి, "అమ్మా, ఉల్లిగడ్డ తింటరా?" అని అడిగింది. నేను వారం కింద అడగాల్సిన ప్రశ్నకు చెల్లెలి లాంటి ప్రశ్న అది. "ఉల్లి తింటానమ్మా. ప్రాణమున్నదే తినను" అంది ఆవిడ మెల్లగా. మా ఆవిడ కాల్చిన మిరపకాయలు ఉప్పుతో నలిపి, ఉల్లిగడ్డ, కొత్తిమీర, నువ్వుల పొడి కలిపి, చింతపండు పిసికి నీళ్లు పోసింది. పొయ్యి మీద పెట్టకుండానే పచ్చి పులుసు తయారైంది.

డాబా మీద చాప పరిచి ఇద్దరికీ కొత్త పళ్లేల్లో వడ్డించాం. నేను తప్పు చేసిన బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆవిడ మొదటి ముద్ద తిని ఆగింది. రెండోసారి పోయించుకుంది. మూడోసారి దోసిలి పట్టి వట్టి పులుసే తాగింది. "ఉడికించకుండానే ఇంత రుచేంటే తల్లీ!" అంది మా ఆవిడతో. తరువాత నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "ఏం నాయనా, లేతదన్నావట, ఇంటి ముందే కోస్తారన్నావట. నేను వారం రోజులుగా ఆనపకాయ మీద ఆశ పెట్టుకున్నానయ్యా!"

ముందు సార్ నవ్వాడు. ఆయన అంత గట్టిగా నవ్వగలడని ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు. ఆ నవ్వు విని మామ, తింటున్న కూర పళ్లెం చేతిలో పట్టుకుని మెట్లెక్కి వస్తూ సగంలో గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు. ఆవిడకు దాంతో పొలమారింది. సాయంత్రం మా వైపు పద్ధతిలో బంగారమంటూ జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లకు మొక్కితే, "బంగారమేనా ఇది? లేక దీనికీ మీ దగ్గర ఇంకో అర్థముందా?" అని అడిగి మరీ దీవించింది.

అయినా నాకు నిద్ర పట్టలేదు. పండుగ తరువాత సార్ క్యాబిన్‌కు పిలిస్తే, దారంతా క్షమాపణ మాటలు బట్టీ పట్టుకుంటూ వెళ్లాను. నోరు తెరిచేలోపు కాగితం ముందుకు తోశాడు. పర్మనెంట్ చేయమని సంతకం. దాని కింద వేసిన తేదీ చూసి, కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. అది నేను కూరకు పిలవడానికి నాలుగు రోజుల ముందటిది.

"పని చూసే పెట్టానయ్యా" అన్నాడు సార్. "దీపావళికి మీ ఆవిడతో మా ఇంటికి రా. మీ మామనీ తీసుకురా. మా ఇంట్లో కూరలు నాలుగుంటాయి, కూర మాత్రం ఉండదు."

ఆ తరువాత రాష్ట్రాలు రెండయ్యాయి. అంతకుముందే సార్ రిటైరై వాళ్ల ఊరికి వెళ్లిపోయాడు. వాళ్లమ్మ ఇప్పుడు లేదు. పచ్చి పులుసు తాగినప్పుడల్లా ఆవిడ దోసిలి గుర్తొస్తుంది. సార్ మాత్రం ఏటా దసరా నాడు ఫోన్ చేస్తాడు. మొన్న కూడా చేశాడు. నాకేమో రక్తంలో కొవ్వు పెరిగిందని డాక్టరు యాట మాంసం మాన్పించాడు. ఇప్పుడు మా ఆవిడ కూరైందని పిలిస్తే, పాత ఆశతోనే మూత తీస్తాను. లోపల సొరకాయ ఉంటుంది, సార్ వాళ్లమ్మ ఆశపడ్డ ఆనపకాయే.

"ఏమోయ్, కోశారా?" అన్నాడు సార్ ఎప్పటిలాగే.

"కోసినం సార్. సొరకాయ."

"లేతదేనా?"

"కాయ లేతదే సార్" అన్నాను. "ముదిరింది నేనే."