హెడ్మాస్టారి అలారం

మానవజాతి నిప్పును కనిపెట్టిన తరువాత మళ్లీ అంతటి ఘట్టం, రిటైరైన హెడ్మాస్టారు రోజూ సాయంత్రం భార్యతో నడకకు బయల్దేరుతూ అలారం బటన్ నొక్కడమే. తలుపు దగ్గరికి వేసి, గేటు దాకా వచ్చి, ఎడమచెయ్యి నడుం మీద ఆనించి, కుడిచేతి రిమోట్‌ను ఆకాశానికి ఎత్తేవారు. లోపల పెట్టె కీక్‌మనేదాకా వీధిలో ఎవరూ మాట్లాడకూడదు. గేటుకు స్వదస్తూరీతో బోర్డు కూడా రాసి తగిలించారు: ‘ఈ ఇంటికి వైర్‌లెస్ అలారం కలదు.’ కింద కంపెనీ పేరు, మోడల్ నంబరుతో సహా.

“తాళం కూడా వేద్దామండీ, లోపల నా మిషనుంది,” అనేది నలుగురి బట్టలు కుట్టే ఆ ఇల్లాలు.

“తాళమా? నువ్వింకా రాతియుగంలోనే ఉన్నావే!”

ఒక సాయంత్రం తిరిగొచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. కుట్టుమిషను లేదు. అలారం కిక్కురుమనలేదు. మెకానిక్ వచ్చి చూశాడు.

“జామర్ వాడారు సార్. తలుపు తెరుచుకుందని సెన్సర్ చెబుతూనే ఉంటుంది. ఆ కబురు పెట్టెకు చేరకుండా ఇంకో సిగ్నల్‌తో గోల చేస్తారు. మోడల్ తెలిస్తే ఐదు నిమిషాల పని. వాళ్లకెలా తెలిసిందో మరి!”

“ఈయన అక్షరాలు గుండ్రంగా ఉంటాయి బాబూ,” అందావిడ.

హెడ్మాస్టారు గొంతు సవరించుకున్నారు. “చూశావా, దొంగ చదువుకున్నవాడే!”

నెలాఖరున కంపెనీ నుంచి ఫోన్‌కు నివేదిక వచ్చింది. చేత్తో కుడుతున్న భార్యకు ఆయన దాన్ని పైకి చదివి వినిపించారు. ఈ నెలలో మీ ఇంట్లో చొరబాట్లు: సున్న.