నా ఎత్తు నేనే రాశాను

నా ఎత్తు నూట యాభై నాలుగు సెంటీమీటర్లు. ఏజెంటు జపాన్‌కు పంపిన కాగితంలో నూట అరవై ఐదు అని ఉంది.

అక్కడి మహిళల రగ్బీ క్లబ్బు ఒకటి నన్ను ఏడాది ఒప్పందం మీద తీసుకోవడానికి ఒప్పుకుందని ఆయన ఫోన్ చేసినప్పుడు నేను ముంచింగిపుట్టులో మా నాన్న కిరాణా కొట్లో బట్టల సబ్బులు సర్దుతున్నాను. ఆ రోజు సంత. కొట్టు ముందు జనం, జీపుల హారన్లు, ఒక చెవి మూసుకుంటే గానీ ఆయన మాట వినబడలేదు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. మూడేళ్ళుగా దేశం జట్టులో ఆడుతున్నాను. అయినా మా వీధిలో సగం మంది నేను కబడ్డీ ఆడతాననే అనుకునేవాళ్ళు. రగ్బీ ఆడి జీతం తీసుకోవడం అనేది మన దేశంలో ఎవరూ అడిగి ఎరగని ప్రశ్న.

ఏజెంటు హైదరాబాదు మనిషి. నేను ఆడిన ఒక టోర్నమెంటు వీడియోలు చూసి తనే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. డాక్టరు చేత నింపించాల్సిన ఫారం ఒకటి పంపిస్తున్నానని, అందులో కూడా నూట అరవై ఐదే రాయించమని చెప్పాడు.

“చూడమ్మా, అక్కడికొచ్చే ఫారిన్ ప్లేయర్లంతా నీకంటే జానెడు ఎత్తుంటారు. ఉన్నదున్నట్టు రాసుంటే నీ ఫైలు తెరవకుండానే పక్కన పెట్టేవాళ్ళు. వెళ్ళాక నీ ఆట చూసి వాళ్ళే మర్చిపోతారు.”

ఆలోచించుకుని చెబుతానన్నాను. నిజానికి ఆలోచించడానికేమీ లేదు. కోపం వచ్చింది, అంతే. పదిహేనేళ్ళ వయసు నుంచి నా ఎత్తును అందరూ లోటుగానే చూశారు, ఒక్క మా మాస్టారు తప్ప.

మా వాళ్ళది బొబ్బిలి వైపు. మా తాత సరుకులు అమ్ముకుంటూ కొండెక్కి ముంచింగిపుట్టులోనే నిలిచిపోయాడు. నేను పుట్టిందీ చదివిందీ అక్కడే. తొమ్మిదో తరగతిలో ఉండగా మా హైస్కూలుకి పీఈటీ మాస్టారు ఒకాయన బదిలీ మీద వచ్చారు. ఆయన గిరిజనుడు, ఊరు ఆ కొండల్లోదే. సరిహద్దు అవతల ఒడిశాలో చదువుకుంటూ రగ్బీ ఆడారు. వస్తూ వస్తూ రెండు బంతులు తెచ్చారు. వాటిని చూసి ఊరంతా పనసకాయలనేసింది. బడి ఆవరణలో ఎటు చూసినా రాళ్ళే కాబట్టి సంత జరిగే మైదానంలో ఆడించేవారు. సంత మర్నాడు ఎండుచేపల పొలుసులు, తెగిన చెప్పులు, గాజుపెంకులు ఏరి ఒక మూల పోస్తే గానీ ఆట మొదలయ్యేది కాదు. మోచేతులకు ఎండుచేపల వాసన రెండు రోజుల దాకా పోయేది కాదు.

మొదటి వారంలోనే ఒకమ్మాయి నన్ను గుద్దుకుంటూ వెళ్ళిపోతే వెల్లకిలా పడ్డాను. ఇది నా వల్ల కాదని లేచి గోడ పక్కకు పోయి ఏడుస్తూ కూర్చున్నాను. మాస్టారు వచ్చి నా పక్కన గొంతుక్కూచున్నారు.

“నువ్వు నేలకి దగ్గిరున్నావు. పడిపోయిన బంతి ముందుగాల నీకే దొరుకుతాది. మరెందుకు ఏడుత్తన్నావు?” అన్నారు.

ఆ రోజునుంచి నన్ను స్క్రమ్ హాఫ్‌గా ఆడించారు. కుమ్ములాటలో కింద పడిన బంతిని లాగి బయటున్నవాళ్ళకి విసిరే పని అది. పెద్ద మనిషి మీదికొస్తే ఛాతీకి ఎదురు వెళ్ళకుండా మోకాళ్ళ కింద రెండు చేతులతో చుట్టేసి పడగొట్టే టాకిల్ నేర్పారు. కాళ్ళు కలిసిపోయాక ఎంతటివాళ్ళైనా నిలబడలేరు. ఇది నాకు నిద్రలో కూడా వచ్చేంతవరకూ చేయించారు.

నాన్నకు సంగతి తెలిసింది నా మోకాలి కట్టు చూసి. మర్నాడు మైదానానికి వచ్చాడు. అందరూ చూస్తుండగా గీత దగ్గర నిలబడి పిలిచాడు.

“ఏటి సేత్తన్నావే నువ్వు? కొట్టుకాడ కూకోమంటే మట్టిలో దొర్లుతన్నావా?”

ఆట ఆడుతున్నానన్నాను.

“ఇది ఆటేటి? మనిసి మీద మనిసి పడిపోతన్నారు. పద ఇంటికి.”

నేను వెళ్ళలేదు. ఆట అయిపోయాకే వెళ్ళాను. వారం రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. పొద్దున్నే లేచి కొట్టు ఊడ్చి, బస్తాలు జరిపి, బడికి పోయి, సాయంత్రం మైదానానికి పోయేదాన్ని. ఎనిమిదో రోజున అన్నం తింటూ, పళ్ళూడితే తనని అడగొద్దని మాత్రం అన్నాడు. మా ఇంట్లో అనుమతి అంటే అదే.

తర్వాతి సంగతులు బేగిగానే జరిగాయి. రాష్ట్రం జట్టు ఎంపికకు వెళ్తే అక్కడి పెద్దాయన ఒకరు ఎవరి చెల్లెలివమ్మా, నీడలో కూర్చో అన్నారు. ఆ పూట నేను పడగొట్టిన వాళ్ళలో ఒకమ్మాయి ఆయన ముందే పడింది. నన్ను తీసుకున్నారు. అక్కడినుంచి దేశం జట్టు దాకా ప్రతి మెట్టు మీదా ఎవరో ఒకరు నన్ను నీడలో కూర్చోమంటూనే ఉన్నారు. నేను ఎండలోనే ఉన్నాను.

కాబట్టి ఆ ఫారం వచ్చిన రోజున ఆసుపత్రికి వెళ్ళి డాక్టరు గారి ముందు చెప్పులు విప్పి నిలబడ్డాను. ఆమె కొలిచి నూట యాభై నాలుగని రాసి ముద్ర వేశారు. దాన్ని ఏజెంటుకు పంపలేదు. క్లబ్బు చిరునామా ఫారంతో పాటు వచ్చిన ఒప్పందం కాగితం మీదే ఉంది. నాకొచ్చిన ఇంగ్లీషులో నేనే ఉత్తరం రాశాను. మీ దగ్గరున్న కాగితంలో నా ఎత్తు తప్పు, అసలుది దీనితో పంపుతున్నాను, వీడియోలో మీరు చూసిన టాకిల్స్ అన్నీ ఈ ఎత్తుతో చేసినవే, ఇప్పటికీ నేను కావాలంటే చెప్పండి అని.

చేసిన పని చెబుతూ ఏజెంటుకు మెసేజ్ పెట్టాను. ఆయన ఆ సాయంత్రమే ఫోన్ చేసి నాతో ఇక పని లేదన్నాడు. క్లబ్బునుంచి మూడు వారాలు ఏ జవాబూ లేదు. నాలుగో రోజునుంచే నాకు అన్నం సయించడం మానేసింది. నాన్నకు అంతా చెప్పాను. ఆయన తక్కెడ తుడుస్తూ విన్నాడు.

“రాసీసినావు కదా. ఇంకేటి ఆలోసన? తిను,” అన్నాడు.

నాలుగో వారంలో క్లబ్బు కోచ్ వీడియో కాల్ చేసింది. ఆమెది సమోవా. జపాన్‌లో పదేళ్ళు ఆడి అక్కడే కోచ్ అయింది. ఆ ఉత్తరం నీ చేత ఎవరు రాయించారని అడిగింది. ఎవరూ లేరన్నాను. అయితే చలి బట్టలు తెచ్చుకోమంది.

క్లబ్బు ఉన్నది జపాన్ ఉత్తరాన చిన్న పట్టణంలో. ఏడుగురు ఆడే రగ్బీ. పొద్దున క్లబ్బును పోషించే కంపెనీ షెడ్డులో ఉల్లికాడలు కట్టలు కట్టాలి, మధ్యాహ్నం నుంచి ఆట. నాతో గది పంచుకున్న అమ్మాయిది మడగాస్కర్. ఆమెకు ఫ్రెంచి, నాకు తెలుగు, ఇద్దరికీ అరకొర జపనీసు. వాళ్ళ ఊళ్ళోనూ ఎర్రమట్టి మైదానమేనని, వాళ్ళమ్మ కూడా మైదానానికొచ్చి చెయ్యి పట్టుకు లాక్కెళ్ళిందని చేతులతో చేసి చూపించింది. ఇద్దరం అంత నవ్వుకున్నది ఆ ఏడాదిలో అదే మొదలు. పెద్ద రగ్బీ దేశాలనుంచి వచ్చిన ముగ్గురికి ప్రతి మ్యాచ్‌లో చోటుండేది. మేమిద్దరం మొదటి మూడు టోర్నమెంట్లలో నీళ్ళ సీసాలు మోశాం.

ఆ రోజుల్లోనే క్లబ్బు ప్రచారం చూసే ఆయన నా దగ్గరికొచ్చాడు. ఇంటర్నెట్లో అరకు గిరిజనుల థింసా నాట్యం బొమ్మలు చూశాడట. ఆ చీరకట్టులో, తలలో పూలతో నా ఫోటో తీసి అడవినుంచి వచ్చిన అమ్మాయి అని వేస్తానన్నాడు. ఆ చీర మా ఇరుగుపొరుగు గిరిజనులదని, నాది కాదని చెప్పాను. ఆయన నవ్వి, ఇక్కడ ఆ తేడా ఎవరికి తెలుస్తుందన్నాడు. నాకు తెలుసు కదా అన్నాను. ఫోటో కావాలంటే బంతి విసురుతుండగా తీయమన్నాను. అయితే మ్యాచ్‌లో ఆడాక చూద్దామని వెళ్ళిపోయాడు. మా జిల్లా విలేకరి ఒకాయన అప్పటికే నన్ను అడవి బిడ్డను చేసి రాసేశాడు. ఆయనకీ ఫోన్ చేశాను. నేను షావుకారు కూతుర్ని, అడవి బిడ్డ గురించి రాయాలంటే మా మాస్టారి గురించి రాయండన్నాను. రాయలేదు.

మర్నాడు ప్రాక్టీసు అయ్యాక కోచ్ దగ్గరికి వెళ్ళి నన్నెందుకు ఆడించడం లేదని అడిగాను. ఆమె దాచలేదు. నువ్వు గీత దాటి లోపలికెళ్తే ఎదుటి జట్టంతా నీ మీదికే పరుగెత్తుతుంది అంది.

“రానివ్వండి,” అన్నాను. “అందుకే కదా నన్ను తెచ్చుకున్నారు.”

తర్వాతి టోర్నమెంటులో అన్నిటికంటే బలమైన జట్టుతో ఆట. రెండో సగంలో కోచ్ నన్నూ, మడగాస్కర్ పిల్లనీ లోపలికి పంపింది. కోచ్ చెప్పినట్టే అయింది. వాళ్ళ జట్టులో నాకు రెండింతలున్న ఒకామె బంతి పట్టుకుని తిన్నగా నా మీదికొచ్చింది. నేను తొందరపడి పైకి లేచాను. నా మీదుగా వెళ్ళి, చివరి గీత అవతల బంతిని నేలకు ఆనించి ట్రై కొట్టింది. ముక్కునుంచి రక్తం. గీత అవతల మా కోచ్ చేతులు కట్టుకుని నిలబడి ఉంది, నన్ను వెనక్కి పిలవలేదు. రెండు నిమిషాల తర్వాత ఆ రెండింతల మనిషే మళ్ళీ వచ్చింది. ఈసారి ఆమె మొహం చూడలేదు, మోకాళ్ళే చూశాను. చుట్టేశాను. ఆమె పడిన చప్పుడు నా పక్కటెముకల్లో వినిపించింది. బంతి జారింది. నేను నేలమీదినుంచే లేచీ లేవకుండా అందుకుని పక్కకు విసిరాను. అక్కడ మడగాస్కర్ పిల్ల ఉంది. దానికి బంతి దొరికితే ఇక ఎవరికీ దొరకదు. ఆ మ్యాచ్ ఓడిపోయాం. తర్వాతి మ్యాచ్‌లో మొదటి నిమిషం నుంచీ ఇద్దరం లోపలే ఉన్నాం.

ఏడాది చివర క్లబ్బు మమ్మల్ని మళ్ళీ ఉంచుకుంటానంది, అయితే శిక్షణ ప్లేయర్లుగా. అంటే అందరితో పాటు ప్రాక్టీసు చేయాలి, మ్యాచ్‌లో చోటు ఉంటుందన్న హామీ లేదు. కోచ్ అప్పటికి మరో జట్టుకు వెళ్ళిపోయింది. మేనేజరు కాగితం నా ముందు పెట్టి, మీ దేశంనుంచి వచ్చినవాళ్ళకు ఇది మంచి అవకాశం అన్నాడు. ఆయన మర్యాదగానే అన్నాడు. మా దేశంనుంచి వచ్చినంత మాత్రాన తక్కువ పని ఒప్పుకోనని నేనూ మర్యాదగానే చెప్పి, సంతకం పెట్టకుండా కాగితం తిప్పి ఇచ్చాను. పక్క కుర్చీలో ఉన్న మడగాస్కర్ పిల్ల కూడా తిప్పి ఇచ్చింది. బయటికొచ్చాక ఇద్దరం గదికి వెళ్ళి పెట్టెలు సర్దుకున్నాం.

ఇంటికొచ్చేశాను. నాలుగు నెలలు కొట్లో కూర్చున్నాను. ఏటమ్మా, పంపేసినారా అని అడిగిన ప్రతి ఒక్కరికీ లేదు, నేనే వచ్చేశానని చెప్పాను. నమ్మినవాళ్ళు తక్కువ. రోజూ సాయంత్రం మాస్టారి దగ్గర ఆడే అమ్మాయిలతో కలిసి ఆడాను. వాళ్ళలో ఇద్దరు నాకంటే బాగా టాకిల్ చేస్తారు, ఆ మాట వాళ్ళకూ తెలుసు.

ఐదో నెలలో మడగాస్కర్ పిల్ల ఫోన్ చేసింది. ఆమెకు సముద్రపు ఒడ్డు పట్టణంలో ఇంకో క్లబ్బు దొరికింది. వాళ్ళ స్క్రమ్ హాఫ్ మోకాలు విరగ్గొట్టుకుంది. నా సంగతి వాళ్ళకు చెప్పిందట, పాత మ్యాచ్ వీడియో కూడా చూపించిందట. ఆ క్లబ్బువాళ్ళు ప్రయాణం తేదీ ఒక్కటే అడిగారు.

ఇప్పుడు ఇక్కడ రెండో సీజను ఆడుతున్నాను. జట్టు పట్టికలో మధ్యలో ఎక్కడో ఉంది. చలికి ఎడమ భుజం పట్టేస్తుంది. మొన్న ఫోన్లో అమ్మ ఇంకెన్నాళ్ళే అని అడిగింది. ఆదివారం మ్యాచ్ ఫోన్లో వస్తుంది చూడమన్నాను. చూసింది. నేను పడినప్పుడల్లా కళ్ళు మూసుకుందట, లేచానని నాన్న చెప్పాకే తెరిచిందట.

అయితే నువ్వు సగం ఆట చూడలేదన్నాను.